నాలుగో అంకె మీది మూత

పొద్దున్నే మొహం కడుక్కుని, తూర్పు కిటికీ ముందు నిలబడి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాక కేబినాయన చేసే మొదటి పని గుడ్డ మడత పెట్టుకోవడం. పాత తెల్లచొక్కా వీపు ముక్క అది. నాలుగు మడతలు పెట్టి అరచేతిలో పరుచుకుని, ఆ గుడ్డతోనే కంప్యూటరు మౌస్ పట్టుకునేవాడు. వట్టి చేత్తో ఆయన దాన్ని ముట్టుకోగా చూసినవాళ్ళు లేరు.

తెలియనివాళ్ళు నవ్వుకునేవాళ్ళు. లీవర్లు లాగి రైళ్ళకి దారిచ్చే రైల్వే కేబిన్లో పనిచేసినవాళ్ళయితే నవ్వరు. సిగ్నల్ లీవర్ల పిడులు నున్నటి ఉక్కు. చెమట చెయ్యి తగిలిన చోటల్లా తుప్పు లేస్తుంది. అందుకని లీవరు మీద చెయ్యి పడేముందు గుడ్డ పడాలి. ముప్పై నాలుగేళ్ళు అలా లాగిన చెయ్యి ఆయనది. గుడ్డ లేకుండా ఏదన్నా పట్టుకుంటే చొక్కా లేకుండా బజార్లో నిలబడ్డట్టు ఉండేది.

ఇది పైకి చెప్పే కారణం. చెప్పని కారణం ఇంకోటుంది. ఆ మౌస్ ఎడమ బొత్తాం మీద చింతగింజంత మేర రంగు పోయి నిగనిగలాడుతూ ఉండేది. ఆయన భార్య చూపుడువేలు నాలుగేళ్ళు పడ్డ చోటు అది. తన వేలు పడి ఆ నిగనిగ తనది కూడా అయిపోకూడదని ఆయన జాగ్రత్త.

ఆవిడ నర్సు చదువు చదివే అమ్మాయిల హాస్టల్లో వార్డెన్‌గా చేసింది. మూడొందల మంది ఆడపిల్లల్ని ఒక్క చూపుతో నిలబెట్టగల మనిషి. తిట్టిన నోటితోనే "తిన్నావా?" అని అడిగేది. తినలేదంటే మళ్ళీ తిట్టేది. ఊరందరికీ పెద్దమ్మే. నడుం పూసలు అరిగిపోయి, మంచానికీ కుర్చీకీ మధ్య నాలుగడుగులే ఆవిడకి లోకమైపోయినప్పుడు, ఒకప్పటి హాస్టల్ పిల్ల ఒకతి తన పాత కంప్యూటరు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఊరికే కూర్చుంటే మీకు తోచదు పెద్దమ్మా" అని ఈ ఆట నేర్పి వెళ్ళింది. చేసిన మేలు గుర్తుపెట్టుకునేవాళ్ళు ఈ లోకంలో ఇంకా ఉన్నారు. భగవంతుడు ఆ పిల్లని చల్లగా చూడాలి.

ఎక్కడెక్కడివాళ్ళో కలిసి ఆడే ఆట అది. ఒక్కొక్కళ్ళకీ ఒక ఊరు. ఊరికి గోడ, గాదె, కూలీలు, సైన్యం. పక్క ఊళ్ళతో పొత్తు, దూరపు ఊళ్ళతో తగవు. మనం కంప్యూటరు కట్టేసి పడుకున్నా అక్కడ పొలం పండుతూనే ఉంటుంది, పగవాడు నడిచొస్తూనే ఉంటాడు. పదిహేను రోజులు వరసగా ఎవరూ ఆట తెరవకపోతే ఊరు పాడుపడ్డట్టు లెక్కగట్టి పటం మీంచి చెరిపేస్తారు.

ఆవిడ పోయిన పద్నాలుగో రోజున, దుమ్ము పడుతోందని కంప్యూటరు తుడవబోయి, ఏ బొత్తాం నొక్కాడో ఏమో, తెర వెలిగింది. "రేపటితో మీ ఊరు శిథిలమవుతుంది" అని ఎర్రక్షరాల్లో రాసుంది. కేబినాయన చాలాసేపు నిలబడే చూశాడు. మనిషి ఎలాగూ పోయింది, ఊరు కూడానా అనిపించింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

కూర్చున్నాక చూస్తే అది ఆయనకి మరీ కొత్త చోటేం కాదు. తెర అడుగున వరసగా బొత్తాలు. ఒక మూల చిన్న పటం. పటం మీద మనవాళ్ళు పచ్చ చుక్కలు, పరాయివాళ్ళు ఎర్ర చుక్కలు. ఏ అంకె నొక్కితే ఏ గుంపు లేచి నిలబడుతుందో ఆవిడ ముందే ముడిపెట్టి ఉంచింది. తెర పక్కన అతికించిన కాగితం మీద ఆవిడ రాత: ఒకటి కూలీలు, రెండు విల్లులవాళ్ళు, మూడు గోడ మీదవాళ్ళు. అంకె నొక్కి, పటం మీద ఎక్కడికి పోవాలో అక్కడ కుడి బొత్తాం నొక్కితే ఆ గుంపు అటు కదులుతుంది. ఇదీ కేబినే అనుకున్నాడాయన. రైళ్ళకి బదులు మనుషులు, అంతే తేడా.

కాగితం మీద నాలుగో అంకె ఎదురుగా ఏమీ రాసిలేదు.

ఏముందో చూద్దామని రెండుసార్లు నొక్కాడు. తెర గిర్రున తిరిగి ఏటి ఒడ్డుకి పోయింది. అక్కడ ఒక్క గుర్రపు రౌతు. తమ ఊరి పిండిమర దగ్గర బయల్దేరి, వంతెన దాటి, ఏటి అవతలున్న ఒక చిన్న ఊరి గేటు దాకా పోయి, అక్కడ గుర్రాన్ని వెనక్కి తిప్పి, మళ్ళీ పిండిమర దగ్గరికి. మళ్ళీ గేటు. ఆగడం లేదు, ఎవరితో మాట్లాడడం లేదు. కేబినాయన చేతి గడియారం చూసుకున్నాడు. ఒక చుట్టుకి పదకొండు నిమిషాలు. రెండో చుట్టుకీ పదకొండే.

అప్పుడు ఆ పొద్దున గుర్తొచ్చింది.

ఆవిడని ఆస్పత్రికి తీసుకెళ్ళిన పొద్దున, కింద ఆటో వచ్చి నిలబడింది. ఈయన సంచీ చేత్తో పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. ఆవిడ బల్ల పట్టుకుని కుర్చీలో కూలబడి, "ఒక్క నిమిషం ఆగండి" అంది. అంకె నొక్కింది, మౌస్ కదిపింది, ఏదో రాసింది.

"ఇప్పుడా నీ ఆట?" అన్నాడు కేబినాయన. నలభై ఏళ్ళ కాపరంలో గొంతు పెంచి అన్న మాటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఆఖరిది అదే. ఆవిడ మామూలుగా అయితే రెండింతలు తిరిగి అనేది. ఆ రోజు మాత్రం లేచి చెయ్యి అందించింది. ఆటో అబ్బాయి మాత్రం ఇంజను ఆపి, "తొందరేం లేదు పెద్దాయనా, నిదానంగా దింపండి" అన్నాడు. పరాయివాడికి ఉన్న ఓపిక తనకి లేకపోయిందే అని ఆ మాట ముల్లులా ఉండిపోయింది. ఆ రాత్రే ఆవిడ పోయింది, మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు.

ఆ ఒక్క నిమిషంలో ఆవిడ ఇచ్చిన ఆజ్ఞ ఇదన్నమాట. ఇచ్చిన చెయ్యి పోయింది. ఆజ్ఞ ఇంకా గుర్రమెక్కి తిరుగుతోంది.

చూద్దామని రౌతు మీద మౌస్ పెట్టి నొక్కాడు. రౌతు తల ఇటు తిప్పి, "చిత్తం" అంది. ఆడగొంతు. ఆవిడ గొంతేం కాదు, ఆట తయారుచేసినవాళ్ళు ఎవరిచేతో పలికించిన గొంతు. అయినా కేబినాయన నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

కేబిన్లో ఒక పద్ధతి ఉంది. ఒక పట్టాల మీద బండి ఆగి ఉన్నా, మనుషులు పనిచేస్తున్నా, ఆ దారికి చెందిన లీవరు పిడికి ఎర్రరంగు వేసిన ఇనపఉంగరం తొడుగుతారు. పరధ్యానంలో చెయ్యి అటు పోయినా ఉంగరం తగిలి ఆగుతుంది. తొడిగిన చెయ్యే దాన్ని తీయాలి, ఇంకొకళ్ళు తీయకూడదు. ఒకసారి వానాకాలంలో ఆ ఉంగరం వల్లే పదకొండు మంది పట్టాల కూలీలు ఇళ్ళకి చేరారు. ఆ కథ ఆయన ఎన్నిసార్లు చెప్పాడో, "నా పెళ్ళి ఉంగరానికైనా అంత మర్యాద దక్కలేదు" అని ఆవిడ అన్నిసార్లు దెప్పింది.

కేబినాయన లేచి, ఆవిడ నొప్పుల మందు సీసా మూత, చిన్న ఎర్రమూత, తెచ్చి కీబోర్డు మీద నాలుగో అంకె మీద బోర్లించాడు.

తొమ్మిది నెలలు ఆ మూత కదల్లేదు.

కంప్యూటరు కట్టేసినా అది ఆగదు కదా, అదే ఆయన్ని పట్టుకుంది. పాలప్యాకెట్టుకి దిగినప్పుడు ఇప్పుడు వంతెన మీద ఉండాలి అనుకునేవాడు. షేవింగ్ చేసుకుంటూ, ఇప్పుడు గేటు దగ్గర వెనక్కి తిరుగుతుంది అనుకునేవాడు. మధ్యాహ్నం కునుకు తీస్తే చెవిలో డెక్కల చప్పుడు. కళ్ళు తెరిస్తే గోడగడియారం. ఆవిడ బట్టలు ఎవరికో ఇచ్చేశారు, కళ్ళజోడు ఆస్పత్రిలోనే పోయింది. ఈ భూమ్మీద ఆవిడ చేత కదుల్తున్నది ఇక ఆ ఒక్కటే.

ఆవిడ చెల్లెలికి, అంటే ఈయన మరదలికి, రెండు వీధుల అవతల జిరాక్స్ షాపుంది. రోజూ షాపు తెరిచేముందు టిఫిన్ డబ్బా తెచ్చిచ్చేది.

"బావగారూ, అక్క ఆ పెట్టెలో లేదు" అంది ఒకరోజు.

"తెలుసమ్మాయ్."

"తెలిసే కూర్చుంటున్నారా?"

"నువ్వు మీ అక్క ఫోన్ నంబరు తీసేశావా?"

మరదలు డబ్బా మూత తీసి, "చల్లారిపోతుంది, తినండి" అంది. ఆ తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కింది వాటాలో ఉన్న వడ్రంగి కూడా ఈయన పొద్దున కూర్చునే గంటసేపు రంపం పట్టేవాడు కాదు. ఎవరూ అడగలేదు. ఎలా కనిపెట్టాడో అతనికే తెలియాలి.

అసలు భయం పొత్తువాళ్ళతో. ఆవిడకి ఆటలో ఇద్దరు ఆప్తులు. ఒకడి మారుపేరు లారీ. పనీ అదే, సరుకు దించేదాకా యార్డుల్లో కూర్చుని ఫోన్లో ఆడేవాడు. రెండో ఆమె పేరు పిచ్చుక. ఏదో ఆస్పత్రి నేలమాళిగలో ఎక్స్-రే గది ఆమె ఉద్యోగం. కిటికీ లేని గది. ఏటి అవతలున్న ఆ చిన్న ఊరు ఆమెదే. కేబినాయన ఆట తెరవగానే వాళ్ళ తెరల మీద "పెద్దమ్మ" అన్న పేరు పక్కన పచ్చదీపం వెలిగేది. మొదటిరోజే లారీ, "లేచావా పెద్దమ్మా" అని రాశాడు. పోయిన మనిషిని తానే రోజూ లేపి కూర్చోబెడుతున్నట్టయింది. చెప్పేద్దామనుకున్నాడు. వేలు కదల్లేదు. చెబితే ఇంకో రెండు ఇళ్ళల్లో కూడా ఆవిడ చచ్చిపోతుంది.

ఆటలో కొన్ని తయారు మాటలుంటాయి. బొత్తాం నొక్కితే అవే పోతాయి. "సరే" ఒకటి, "ధన్యవాదాలు" ఒకటి. ఆ రెండింటితోనే తొమ్మిది నెలలు నెట్టుకొచ్చాడు. నిజానికి ఆవిడతో కాపరంలోనూ ఆయన వాడింది ఇంచుమించు ఆ రెండు మాటలే.

లారీ అప్పుడప్పుడు బండ్లకొద్దీ ధాన్యం ఈ ఊరి గేటు దగ్గర దించి, "పొరపాటున నీకు వచ్చింది, ఉంచుకో" అని రాసేవాడు. పొరపాటు వారానికోసారి జరిగేది. కేబినాయనకి గాదె నింపడం సరిగ్గా చేతకాదు. ఆ ధాన్యంతోనే ఊరు గడిచింది.

ఒక పొద్దున, ఆరున్నర వేళ, మరదలు ఇంకా చెప్పులు విడుస్తూనే ఉంది, ఆటలో బూర ఊదింది. పటం మీద ఏటి అవతల ఎర్ర చుక్కలు పొద్దుతిరుగుడు గింజలు ఒలకబోసినట్టు చెదిరి, మళ్ళీ గుంపుకట్టి పిచ్చుక ఊరి వైపు దొర్లుతున్నాయి.

"పెద్దమ్మా, వస్తున్నారు. నూటయాభై మందికి తక్కువ లేరు" అని రాసింది పిచ్చుక. "పది నిమిషాల్లో గోడ దగ్గరుంటారు."

"నాకు అరగంట దారి" అని లారీ. "పెద్దమ్మా, నీ గుర్రాలు పంపు. నీదే దగ్గర."

కేబినాయన ఒకటి నొక్కాడు, పలుగులు పట్టుకున్న కూలీలు. రెండు నొక్కాడు, విల్లులవాళ్ళు, వాళ్ళది కాలినడక. మూడేళ్ళు కట్టుకుంది పిచ్చుక ఆ ఊరిని. కిటికీ లేని గదిలో కూర్చునే మనిషి ఆ ఊళ్ళో పళ్ళతోట వేసుకుంది. ఒంటివేలితో వెతుక్కుంటూ రాశాడు: "గుర్రాలు ఎక్కడ".

"నీ గుర్రాలు ఎక్కడున్నాయో నన్నడుగుతావేంటి? నాలుగు నొక్కు. అరవై ఒకటి. వేసంగిలో డప్పు కొట్టి మరీ చెప్పావుగా" అని లారీ.

కేబినాయన ఎర్రమూత వైపు చూశాడు. అరవై, ఇంకొకటి. తిరుగుతున్న రౌతు ఆ గుంపుకి ముందు నడిచే గుర్రం. అందుకే ఆ రోజు నాలుగు నొక్కితే తెర దాని దగ్గరికి పోయింది. మిగతా అరవై కొండ వెనక బీట్లో మేస్తున్నాయి. ఆ రోజు రౌతునే చూస్తూ తను గమనించలేదు. ఆ నాలుగుకి ఇప్పుడు ఏ ఆజ్ఞ ఇచ్చినా అరవై ఒకటీ కదుల్తాయి. ఆవిడ ఆజ్ఞ చెరిగిపోతుంది.

"ఒక్క గుర్రాన్ని వదిలి మిగతావి పంపే దారి ఉందా" అని రాశాడు.

"ఇల్లు కాలి ఒకళ్ళేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాట్ట ఇంకొకడు" అని లారీ. "ఉంది. నేను నేర్పేలోపు గోడ పడుతుంది."

మరదలు భుజం మీంచి చదువుతోంది. "ఈ అమ్మాయెవరు బావగారూ?"

"మీ అక్కకి రోజూ రాసేది. అక్క లేదని తెలియదు."

"మరి తీయండి ఆ మూత."

"ఉంగరం తొడిగిన లీవరు లాగకూడదమ్మాయ్."

"తొడిగిందెవరు?"

"నేనే."

"తొడిగిన చెయ్యే తీయాలని కదా మీ రూలు" అంది మరదలు. "అక్క వచ్చి తీయదు. నేను తీయకూడదు. ఇక మిగిలింది మీరే."

కేబినాయన మనసులో ఒకసారి దేవుణ్ణి తల్చుకుని, మూత తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. నాలుగు నొక్కాడు. తెర అడుగున అరవై ఒక్క చిన్న గుర్రం మొహాలు వరసగా లేచాయి.

ఇక కుడి బొత్తాం నొక్కడమే. అక్కడ ఆగిపోయాడు.

భయపడి కాదు. ముప్పై నాలుగేళ్ళలో ఆయన ఒక్క బండినైనా అవతలి కేబిన్‌ని అడక్కుండా పంపలేదు. ముందు ఇటునుంచి రెండు గంటలు కొట్టి అడగాలి, దారి ఇస్తావా అని. అటునుంచి రెండు గంటలు తిరిగి మోగితేనే ఇచ్చినట్టు. రాకపోతే, వెనకున్న బండిలో మంత్రిగారున్నా సరే, కదలదు. ఆటలోనూ గంటుంది. పటం మీద ఒక చోటు చూపించి నొక్కితే పొత్తువాళ్ళందరి తెరల మీదా అక్కడ టంగుమని మోగుతుంది. కేబినాయన పిచ్చుక గేటు మీద రెండు గంటలు కొట్టాడు. గుడ్డ మీద చెయ్యి ఆనించుకుని కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నావు పెద్దమ్మా? పంపు" అని లారీ.

మళ్ళీ రెండు గంటలు కొట్టాడు.

"గంటలు తర్వాత వాయించుకోవచ్చు, గుర్రాలు కదలట్లేదు!"

"బావగారూ" అంది మరదలు.

"అటునుంచి రావాలమ్మాయ్."

ఒక నిమిషం పోయింది. రెండో నిమిషం పోయింది. ఎర్ర చుక్కలు తోపు దాటాయి. మూడో నిమిషం సగంలో, ఈయన ఊరి గేటు మీద టంగుమంది. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ టంగుమంది.

కేబినాయన నొక్కాడు.

"చిత్తం" అంది ఆడగొంతు.

అరవై గుర్రాలూ కొండ వెనకనుంచి లేచాయి. వాటికి ఏడు నిమిషాల దారి. ఒక్కటి మాత్రం అప్పటికే దారిలో ఉంది, వంతెన అవతల, గేటుకి నాలుగు బారల దూరంలో. తొమ్మిది నెలలుగా అక్కడే వెనక్కి తిరుగుతున్న గుర్రం ఈసారి తిరగలేదు. తిన్నగా ముందుకు పోయింది. వెనక ఎవరూ లేరు. ఎదర నూటయాభై.

కేబినాయన చూపు తిప్పుకోలేదు. మరదలు తిప్పుకుంది.

గుర్రాలు చేరేసరికి ముందుగోడ పడిపోయింది, గాదె తగలబడింది. ఆ మూడు నిమిషాలు ముందు కదిలుంటే అవి రెండూ నిలిచేవి. బావి, ఇల్లు, పళ్ళతోట మిగిలాయి. అరవై ఒకటి పోతే ఇరవై మూడు తిరిగొచ్చాయి. ఎర్ర చుక్కలు చెదిరి ఏటి ఎగువకి పోయాయి.

మరదలు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "షాపు?" అన్నాడు కేబినాయన. "కాయితాలు ఎక్కడికీ పోవు" అంది. గుక్కెడు మంచినీళ్ళు అందించింది.

ఆయన రాయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క అక్షరం వెతికి, నొక్కి, తలెత్తి చూసుకుని.

"ఆలస్యం చేశాను, క్షమించమ్మా. తిరుగు గంట వినందే పంపకూడదని అలవాటు. నేను పెద్దమ్మని కాదు. ఆవిడ భర్తని. ఆవిడ పోయి తొమ్మిది నెలలైంది. చెప్పలేకపోయాను."

పిచ్చుక రాసింది:

"తెలుసు పెదనాన్నా."

ఆ పిలుపుతో కేబినాయనని ఇంతవరకూ ఎవరూ పిలవలేదు. పిల్లలు లేని ఇంట్లో, పెద్దమ్మ అనిపించుకున్నదంతా ఆవిడే.

"ఎలా తెలుసు?"

"తొమ్మిది నెలల్లో ఒక్క తిట్టు లేదు. పెద్దమ్మ రెండ్రోజులు తిట్టకుండా ఉండగలదా?"

"నాకు మొదటి ధన్యవాదాలుకే అర్థమైంది" అని లారీ. "ఆ మాట ఆవిడ దగ్గర స్టాకు లేదు. నన్నెప్పుడూ లారీ వెధవా అనేది."

"మరి నాతో ఎందుకు అనలేదు?"

"మీరు చెప్పాలి గానీ, మేం చెబితే ఏం బాగుంటుంది" అని రాశాడు లారీ. "ధాన్యం దించి పోతుంటే సరిపోయేది."

"ఇవాళ గంటలు వినగానే మీరేనని రూఢి అయింది" అని పిచ్చుక. "ముందు అర్థం కాలేదు. కోట కూలుతుంటే ఈ గంటలేంటి అనుకున్నా. అప్పుడు గుర్తొచ్చింది. పెద్దమ్మ అనేది, మా ఆయన అన్నం పెట్టమని అడగాలన్నా అటునుంచి గంట మోగాలి అని."

కేబినాయనకి నవ్వొచ్చింది. గుడ్డతో మొహం తుడుచుకోబోయి, అది మౌస్ గుడ్డ అని ఆగి, భుజానికి తుడుచుకున్నాడు.

"ఒకటి అడుగుతాను" అని రాశాడు. "ఆస్పత్రికి వెళ్ళే పొద్దున ఆవిడ ఒక్క నిమిషం కూర్చుని ఆ రౌతుని తిప్పింది. నేను కసిరాను. ఎందుకు తిప్పింది?"

ఈసారి పిచ్చుక పొడుగ్గా రాసింది.

"నా కోసం పెదనాన్నా. ఆస్పత్రికి పోతున్నా, కొన్నాళ్ళు రాను అంది. నాకు పొద్దున్నే ఆ గదిలోకి దిగాలంటే భయం, మీరు లేకపోతే ఎలా అన్నాను. పిరికిదానా అని తిట్టింది. తర్వాత రాసింది, నీ గేటు ముందు నుంచి ఒక గుర్రాన్ని తిప్పుతున్నా, అది తిరుగుతుంటే నేనున్నట్టే, లేచి పనికి పో అని."

మరదలు చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇవాళ అదే ముందొచ్చింది" అని రాసింది పిచ్చుక. "ఒక్కటే."

ఆ రోజు వడ్రంగి సాయంత్రం దాకా రంపం పట్టలేదు. పైనుంచి ఏ చప్పుడూ రాకపోవడం చూసి ఒకసారి మెట్లెక్కి వచ్చి, బల్ల కాలు ఊగుతోందేమో చూస్తానని వంకపెట్టి, ఊగని కాలిని రెండుసార్లు తట్టి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున కేబినాయన మొహం కడుక్కుని, దణ్ణం పెట్టుకుని, గుడ్డ మడిచి కూర్చున్నాడు. నాలుగు రెండుసార్లు నొక్కాడు. తెర బీటి మీదికి పోయింది. అక్కడ ఇంకో గుర్రం గడ్డి మేస్తోంది. తెరని మౌస్‌తో వంతెన దగ్గరికి జరుపుకున్నాడు. తొమ్మిది నెలలు ఒకే జాడలో తిరిగిన చోట గడ్డి అరిగి సన్నటి తెల్లదారి పడి ఉంది. ఖాళీగా ఉంది. గడియారం చూస్తూ కూర్చున్నాడు. పదకొండు నిమిషాలైంది. ఇంకో పదకొండైంది. ఆ దారిలో ఎవరూ రాలేదు.

చెవిలో డెక్కల చప్పుడు మాత్రం ఆగలేదు. ఇప్పుడు వంతెన, ఇప్పుడు గేటు. ఎక్కడికి పోతోందో తెలియని చప్పుడు.

నాలుగు నొక్కి ఇరవై మూడిట్లో ఒకదాన్ని తనే తిప్పొచ్చు. లారీ రాత్రే ఓపిగ్గా ఉత్తరమంత రాసి నేర్పాడు, ఒక్కదాన్ని విడదీయడం ఎలాగో, రెండు చోట్లు చూపించి తిరుగుతూ ఉండమనడం ఎలాగో. కేబినాయన మౌస్‌ని బీటి దాకా తీసుకెళ్ళాడు. ఒక గుర్రం మీద పెట్టాడు. నొక్కకుండా వెనక్కి తెచ్చాడు.

పిచ్చుక పేరు పక్కన పచ్చదీపం వెలిగింది. డ్యూటీకి దిగేముందు వచ్చినట్టుంది.

"లేచారా పెదనాన్నా? గోడకి రాళ్ళు దింపుతున్నా. తిన్నారా?"

తినలేదని రాస్తే తిడుతుందేమో అనుకున్నాడు. ఆ అనుకోవడం హాయిగా ఉంది. వేలితో వెతుక్కుంటూ రాయడం మొదలుపెట్టాడు. చాలాసేపు పట్టింది. రెండుసార్లు చెరిపి రాశాడు.

"అమ్మా, ఒక సాయం చెయ్యాలి నువ్వు. నీ దగ్గర గుర్రం ఒకటి మిగిలుంటే, మా గోడ పక్క నుంచి తిప్పు. కాపలాకి కాదు. నేను తిప్పుకుంటే నేను తిప్పినట్టే ఉంటుంది. పొద్దున కూర్చునేసరికి ఎవరో ఒకరు అటు పోతూ కనపడాలి, అంతే."

రాసి పంపాక, ఆమె గేటు మీద రెండు గంటలు కొట్టి, గుడ్డ మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.